వేరు గ్లాసు

ఇంట్లో ఒకరికి టిబి అని తేలగానే మన ఇళ్ళలో మొట్టమొదట జరిగే పని ఒకటుంది. ఒక కంచం, ఒక గ్లాసు విడిగా తీసి పెడతారు. అంచు సొట్టపోయినదో, ఎవరూ వాడనిదో చూసి కేటాయిస్తారు. కడిగాక మిగతా వాటితో కలపకుండా వేరే బోర్లిస్తారు. మందుల సంగతి, మిగతావాళ్ళ పరీక్షల సంగతి ఆ తర్వాత. గదికి కిటికీ ఉందా, ఉంటే అది తెరుచుకుంటుందా అన్న సంగతి చాలా ఇళ్ళలో అసలు చర్చకే రాదు.

టిబి కంచాల వల్ల రాదు. గ్లాసుల వల్ల, దుప్పట్ల వల్ల, తాకడం వల్ల రాదు. ఊపిరితిత్తుల టిబి ఉన్న మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మాట్లాడినప్పుడు వెలువడే సన్నటి తుంపరల్లో క్రిములు ఉంటాయి. అవి గాలిలో తేలుతాయి. గాలి ఆడని గదిలో చాలాసేపు తేలుతాయి. ఆ గాలిని గంటల తరబడి, రోజుల తరబడి పీల్చిన వాళ్ళకి జబ్బు సోకే ప్రమాదం ఉంటుంది. రాబర్ట్ కోక్ ఈ క్రిమిని 1882లో గుర్తించాడు. గాలి ద్వారా వ్యాపిస్తుందన్నది దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయం. అయినా గ్లాసు వేరయినంత త్వరగా కిటికీ తెరుచుకోదు. ఎందుకని?

అజ్ఞానం అనేసి ఊరుకోవచ్చు. ఆరోగ్య విద్య పేరుతో వచ్చే కరపత్రాలు సాధారణంగా ఆ మాటే అంటాయి. కానీ చదువుకున్న ఇళ్ళలోనూ, సైన్సు పాఠాలు చెప్పేవాళ్ళ ఇళ్ళలోనూ ఆ గ్లాసు వేరవుతూనే ఉంది. కాబట్టి ఆ గ్లాసు ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చూడాలి.

అంటు, అంట్లు, ఎంగిలి

తెలుగులో 'అంటు' అన్న ఒక్క మాట ఎన్ని చోట్ల తిరుగుతుందో గమనించండి. అంటురోగం. అంటరానితనం. 'అంటూ ముట్టూ' అన్నప్పుడు బహిష్టు. తిన్నాక మిగిలే పాత్రలు అంట్లు. రోగం, కులం, స్త్రీ శరీరం, ఇంటిచాకిరీ, నాలుగూ ఒకే మాట చుట్టూ చేరాయి. వైద్యశాస్త్రం వచ్చి వాటిలో ఒకదాన్ని మాత్రం క్రిమి అని వేరుచేసి చూపించింది. కానీ మన వంటింటి గూట్లో అవి ఇంకా వేరు కాలేదు.

జబ్బు మనిషికిచ్చే గ్లాసు జబ్బు కోసం కొత్తగా కనిపెట్టింది కాదు. ఊరి హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద దళితులు దశాబ్దాలుగా పోరాడుతూ వచ్చారు. పట్నం ఇళ్ళలో పనిమనిషికి కాఫీ పోసే గ్లాసు గూట్లో ఓ మూల విడిగానే ఉంటుంది. మూడు రోజులు బయట కూర్చున్న ఆడవాళ్ళకి కంచం, చెంబు, చాప విడిగా ఉన్న ఇళ్ళు మనకి తెలుసు. వేరుచేయడానికి కావలసిన సామాను, ఆ సామాను వాడే పద్ధతీ మన దగ్గర ముందే సిద్ధంగా ఉన్నాయి. జబ్బు వచ్చి అందులో కూర్చుంది.

ఎంగిలికి కూడా ఒక దిశ ఉంది. భర్త తిన్న విస్తట్లో భార్య తినడం పాతివ్రత్యంగా చెప్పుకున్న సంప్రదాయం మనది. భార్య తిన్న విస్తట్లో భర్త తినడమన్న మాట ఏ నోములోనూ వినం. అంటే ఎంగిలి భయం క్రిమి భయం కాదు. పైనుంచి కిందికి వస్తే ప్రసాదం, కిందినుంచి పైకి వెళితే అంటు. ఇంటి పెద్దకి దగ్గు పట్టుకుంటే ఆయన గ్లాసు వేరుచేయడానికి నోరు పెగలదు. కోడలికి అదే దగ్గు వస్తే మధ్యాహ్నానికల్లా గ్లాసు వేరవుతుంది. క్రిమికి ఈ తేడా తెలియదు. ఇంటికి తెలుసు.

నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వచ్చే జబ్బుల సంగతి వేరని ఎవరైనా అనవచ్చు. నిజమే. టైఫాయిడ్, కలరా, కామెర్లలో కొన్ని రకాలు వచ్చినప్పుడు చేతులు సబ్బుతో కడుక్కోవడం, నీళ్ళు కాచడం, మరుగుదొడ్డి శుభ్రం అసలైన నివారణ చర్యలే. కానీ టైఫాయిడ్‌కీ టిబికీ ఒకటే గ్లాసు చాలుతోందంటే, ఆ గ్లాసు చూస్తున్నది క్రిమి దారిని కాదని అర్థమవుతుంది. అది మనిషి స్థానాన్ని చూస్తోంది.

ఆటలమ్మ విషయంలో మన ఆచారం ఇంకోలా నడిచింది. గుమ్మానికి వేపమండలు కడతారు. అది చూసి బయటివాళ్ళు లోపలికి రారు. జబ్బు మనిషిని వేపాకుల పక్కమీద పడుకోబెడతారు, ఇంట్లో తాలింపు వెయ్యరు. ఇది కూడా వేరుచేయడమే. గాలి ద్వారా కూడా సోకే ఆ జబ్బుకి బయటివాళ్ళని దూరంగా ఉంచడం కొంతైనా పనికొచ్చే పనే. అయితే ఇందులో సిగ్గు లేదు. వేపమండ ఊరంతటికీ చెప్పే కబురు. టిబి గ్లాసు ఊరంతటి నుంచీ దాచే రహస్యం. వేరుచేయడంలో గౌరవం సాధ్యమేనని మన ఆచారాల్లోనే సాక్ష్యం ఉంది. కాకపోతే ఆటలమ్మ ఇంట్లోనూ పథ్యం వండేది, వేపనీళ్ళు కాచేది, రాత్రంతా విసిరేది తల్లే. అమ్మవారికి దక్కిన గౌరవం ఆ తల్లి చాకిరీకి దక్కలేదు.

కర్త లేని వాక్యాలు

జబ్బుల చుట్టూ అల్లుకునే ఊహల గురించి సుసాన్ సొంటాగ్ 1978లో ఒక పుస్తకం రాసింది. టిబిని ప్రేమికుల, కళాకారుల జబ్బుగా యూరప్ సాహిత్యం ఎలా అలంకరించిందో, క్యాన్సర్‌ని ఎలా శాపంగా మార్చిందో చూపించి, జబ్బుని జబ్బుగా చూడమంది. మన సాహిత్యంలో, సినిమాల్లో రక్తం కక్కుకుంటూ పోయే భగ్నప్రేమికుల్ని చూసిన వాళ్ళకి ఆ మాట వెంటనే అర్థమవుతుంది. కానీ సొంటాగ్ రోగి వైపు నుంచి చూసింది. రోగి పక్కన మంచం పట్టీ మీద కూర్చున్న మనిషి ఆ పుస్తకంలో పెద్దగా కనిపించదు. మన దగ్గర టిబి రూపకం అవడానికి ముందే ఒక వస్తువు అయింది, ఒక పని అయింది. గ్లాసు వస్తువు. దాన్ని కడగడం పని.

తెలుగు స్త్రీవాద కవిత్వం ఎన్నో గదుల తలుపులు తెరిచింది. విమల 'వంటిల్లు' రాసింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాసింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రాతల్ని ఒక్కచోట చేర్చింది. ఆ వెలుగులో చూసినప్పుడు జబ్బు మనిషి గది మీద మనం రాసింది తక్కువేననిపిస్తుంది. రాయనిచోట ఏం మిగిలిందంటే సూచనలు మిగిలాయి. ఇంట్లో జబ్బు పాకకుండా ఏంచేయాలో చెప్పే కరపత్రాలు, గోడరాతలు, ప్రభుత్వ మార్గదర్శకాలు. వాటిని కూడా సాహిత్యాన్ని చదివినట్టు చదవాల్సిన అవసరం ఉంది.

అలా చదివితే మొదట కనిపించేది వ్యాకరణం. రోగి బట్టలు విడిగా ఉతకాలి. నీళ్ళు కాచి చల్లార్చాలి. గది రోజూ తుడవాలి. వేళకు మందులు ఇవ్వాలి. తెలుగులో 'ఆలి' అన్న ప్రత్యయానికి ఒక సౌకర్యం ఉంది. కర్తని చెప్పకుండా వాక్యం పూర్తయిపోతుంది. ఎవరు ఉతకాలి? ఎవరు కాచాలి? వాక్యం చెప్పదు, చెప్పనవసరమూ లేదు. వినేవాళ్ళందరికీ తెలుసు. ఇంగ్లీషులోంచి ఈ సూచనల్ని తెలుగు చేసేవాళ్ళు వ్యాకరణ దోషం ఒక్కటీ లేకుండా ఒక మనిషిని మాయం చేయగలుగుతున్నారు.

2020 ఏప్రిల్ 27న కేంద్ర ఆరోగ్య శాఖ కోవిడ్ రోగుల హోమ్ ఐసొలేషన్‌కి సూచనలు ఇచ్చింది. అందులో ఒక షరతు, రోగిని చూసుకోవడానికి 24 గంటలూ ఒక సంరక్షకుడు ఉండాలని. మూడు పొరల మాస్కు కట్టుకోవాలి, గిన్నెలు ముట్టుకునేటప్పుడు గ్లవుజులు వేసుకోవాలి, చేతులు కడుక్కుంటూ ఉండాలి అని సూచనలున్నాయి. 'సంరక్షకుడు' అని పుంలింగంలో అనువదించుకున్నాం కానీ ఆ పని ఎవరిమీద పడిందో మనందరికీ తెలుసు. 24 గంటలు పనిచేసే మనిషి ఎప్పుడు పడుకుంటుందన్న ప్రశ్న ఆ షరతులో లేదు. ఆమెకే జ్వరం వస్తే ఎవరు వండుతారన్న ప్రశ్న చాలా ఇళ్ళలో కూడా లేదు. రోగిగా ఉన్న భార్య గది బయటికి వచ్చి వంట చేసి మళ్ళీ గదిలోకి వెళ్ళిన ఇళ్ళు ఉన్నాయి.

అదే ఏడాది నగరాల్లోని అపార్ట్‌మెంట్లు ఇంటిపని చేసే స్త్రీలని గేటు దగ్గరే ఆపేశాయి. జబ్బు విమానాల్లో వచ్చింది. అనుమానం మాత్రం అంట్లు తోమే చేతుల మీద పడింది. కూరగాయలు సబ్బునీళ్ళలో కడిగాం, పాల ప్యాకెట్లు తుడిచాం. గాలి ద్వారా వ్యాపిస్తుందన్న మాట ఆలస్యంగా వినపడింది. వినపడ్డాక కూడా ఏసీ గదుల తలుపులు తెరుచుకోలేదు. తుడవడం, కడగడం ఆడవాళ్ళు చేసే పనులు, కాబట్టి ఎన్నయినా చెప్పవచ్చు. గాలి, వెలుతురు, గదుల సంఖ్య అద్దెకీ ఆస్తికీ సంబంధించినవి, కాబట్టి వాటి గురించి ఒక్క ముక్కతో సరిపెట్టవచ్చు.

మద్రాసు ఫలితం

ఇంట్లో జబ్బు పాకడం గురించి ప్రపంచానికి ఒక పెద్ద సంగతి తెలిసింది మన పక్కనే ఉన్న మద్రాసులో. 1956లో అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి కలిసి పెట్టాయి. అప్పటిదాకా టిబి వస్తే శానిటోరియానికి వెళ్ళాలి. మనవాళ్ళకి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉండేది. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి చికిత్సలో భాగం. పైగా రోగి ఇంటినుంచి దూరమైతే ఇంట్లో వాళ్ళకి రక్ష. ఇదీ నమ్మకం.

మద్రాసు కేంద్రం 193 మంది పేద రోగుల్ని తీసుకుని కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ళ ఇళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చింది. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇరుకిళ్ళలో, చాలీచాలని తిండితో, పనులు చేసుకుంటూ ఉన్నవాళ్ళకి కూడా దాదాపు శానిటోరియం రోగులంతగానే నయమైంది. అంతకన్నా ముఖ్యం, ఇంట్లో చికిత్స పొందిన రోగుల కుటుంబసభ్యులకి అదనంగా జబ్బు సోకలేదు. సరైన మందు మొదలయ్యాక రోగి నుంచి జబ్బు సోకే ప్రమాదం వేగంగా తగ్గిపోతుంది. సోకేదంతా చాలావరకు అంతకుముందే, జబ్బు ఉందని తెలియని రోజుల్లోనే సోకుతుంది.

గ్లాసు గురించి ఇక్కడ ఆలోచించాలి. టిబి అని తేలిన తర్వాత, మందు మొదలయిన తర్వాత గ్లాసు వేరవుతుంది. అంటే ప్రమాదం తగ్గుముఖం పట్టాక శిక్ష మొదలవుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ మనిషి అందరితో కలిసి, అదే గదిలో, మూసిన కిటికీ కింద పడుకునే ఉంది.

మద్రాసు ఫలితం పేదలకి మేలు చేసింది. పిల్లల్ని వదిలి నెలల తరబడి శానిటోరియంలో ఉండలేని ఆడవాళ్ళకి మరీ మేలు చేసింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఇంటి చికిత్స వైపు మళ్ళింది. అయితే స్త్రీవాదులుగా మనం ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఆసుపత్రి ఇంటికి వచ్చినప్పుడు నర్సు ఎవరయ్యారు? శానిటోరియంలో జీతమిచ్చి చేయించిన వంట, శుభ్రం, మందులివ్వడం ఇంట్లో ఎవరి ఖాతాలో పడ్డాయి? ఇంటి చికిత్స చవక అన్నప్పుడు ఆ చవకలో కొంత భాగం ఆడవాళ్ళ జీతం లేని చాకిరీయే.

ఎవరి దగ్గు?

రెండు వారాలకి మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించాలని అందరికీ చెబుతున్నారు. మద్రాసు ఫలితం వెలుగులో చూస్తే ఇంట్లో జబ్బు పాకకుండా ఆపే అసలైన మార్గం ఇదే, దగ్గుని త్వరగా లెక్కలోకి తీసుకోవడం. మరి ఇంట్లో ఎవరి దగ్గు లెక్కలోకి వస్తుంది?

కట్టెల పొయ్యి దగ్గర కూర్చునే ఆడమనిషి దగ్గితే పొగ అంటారు. బీడీలు చుట్టే మనిషి దగ్గితే పొగాకు ధూళి అంటారు. పత్తి మిల్లులో పనిచేసే మనిషి దగ్గితే నూగు అంటారు. అన్నీ నిజాలే, అందుకే రెండు వారాలు రెండు నెలలవుతాయి. పరీక్షకి వెళ్ళాలంటే కూలి పోవాలి, తోడు కావాలి, డబ్బులు అడగాలి. తేలాక భయం వేరు. పెళ్ళి కాని పిల్లయితే సంబంధాలు రావని దాస్తారు. పెళ్ళయిన పిల్లయితే పుట్టింటికి పంపేస్తారు. నయమయ్యేదాకా అంటారు. కొందరి విషయంలో ఆ మాట నయమయ్యాక కూడా కొనసాగుతుంది. ఇది కూడా ఇంట్లో జబ్బు పాకకుండా తీసుకునే జాగ్రత్త కిందే చలామణీ అవుతుంది. గ్లాసు వేరుచేయడం ఎక్కడ మొదలవుతుందో అక్కడినుంచి ఆ దారి పుట్టింటిదాకా పోతుంది. భర్తకి టిబి వస్తే ఆయన్ని ఎవరూ తల్లి ఇంటికి పంపరు. భార్య ఉంది కదా.

టిబి మగవాళ్ళలో ఎక్కువని సర్వేలు చెబుతున్నాయి. ఆ మగవాళ్ళకి దగ్గరగా కూర్చుని అన్నం పెట్టేది, రాత్రి లేచి వేణ్ణీళ్ళిచ్చేది, అదే గాలి పీల్చేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. 2021లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు, జబ్బు లేదని తేల్చుకున్నాక, రోగి ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళకి కూడా టిబి రాకుండా ముందస్తు మందులు ఇవ్వాలన్నాయి. అంతకుముందు అవి ప్రధానంగా చిన్నపిల్లలకీ హెచ్ఐవి ఉన్నవాళ్ళకీ పరిమితం. మంచి మార్పు. కానీ ఆ మాత్రలు ఇంటిల్లిపాదికీ వేళకి గుర్తుచేసే మనిషి తన మాత్ర వేసుకుందో లేదో అడిగేది ఎవరు?

బియ్యం, కందిపప్పు

జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా జరిగిన ఒక అధ్యయనం ఈ మొత్తం చర్చని ఇంకో వైపు తిప్పింది. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ బృందం 2,800 మంది టిబి రోగుల ఇళ్ళని, ఆ ఇళ్ళలోని 10,345 మంది కుటుంబసభ్యుల్ని తీసుకుంది. కొన్ని ఇళ్ళలో రోగికి మాత్రమే రేషన్ ఇచ్చారు. మిగతా ఇళ్ళలో కుటుంబసభ్యులందరికీ ఇచ్చారు. పెద్దవాళ్ళకి తలకి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు. 2023లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. అందరికీ తిండి అందిన ఇళ్ళలో కొత్తగా టిబి రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకి సోకే ఊపిరితిత్తుల టిబి 48 శాతం తగ్గింది.

క్రిమి ఒంట్లో చేరిన ప్రతి మనిషికీ జబ్బు రాదు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం అది అణిగి ఉంటుంది. సత్తువ తగ్గితే లేస్తుంది. ఇది వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు. జార్ఖండ్ అధ్యయనం ఆ తెలిసిన సంగతిని కిలోల్లో, శాతాల్లో చూపించింది.

ఈ అంకెల్ని స్త్రీవాద దృష్టితో చదివితే ఒక విషయం మనసుకి తగులుతుంది. ఇంట్లో జబ్బు పాకకుండా ఆపే జాబితాల్లో ఆడమనిషి ఇప్పటిదాకా ఒక చెయ్యి. ఉతికే చెయ్యి, తోమే చెయ్యి, వడ్డించే చెయ్యి. జార్ఖండ్ రేషన్ లెక్కలో ఆమె మొదటిసారి ఒక నోరుగా కనిపించింది. ఆమె కడుపు నిండితే జబ్బు ఆగుతుంది అన్నది అక్కడ ఉపకారం కాదు, నివారణ. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినడాన్ని గుణంగా నేర్పిన ఇళ్ళలో ఇది చిన్న మాట కాదు. మన ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి రోగికి పోషణ కోసం నెలకి 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేసింది. డబ్బు రోగి ఖాతాలోకి వెళుతుంది. రోగి మగవాడైతే ఆ గుడ్డు, ఆ పాలు ఆయన కంచంలోకి వెళతాయి. అది న్యాయమే. పక్కన నిలబడి వడ్డించే మనిషి కంచంలో ఏముందన్నది ఆ పథకం అడగాల్సిన ప్రశ్న. రేషన్ సంచీ మీద తలలు లెక్కపెట్టినా ఇంటి లోపల వడ్డన తలల లెక్కన జరగదు కాబట్టి, మనం కూడా అడగాల్సిన ప్రశ్న.

ఇంట్లో జబ్బు పాకకుండా పనికొచ్చే పనుల్ని వరసగా రాస్తే చాలా కొద్దే. దగ్గుని త్వరగా పట్టించుకోవడం. మందులు చివరిదాకా వాడటం. రోగి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం. కిటికీ తెరవడం. ఇంట్లో ప్రతి మనిషికీ, ప్రతి ఆడపిల్లకీ, కడుపునిండా తిండి. వీటిలో ఏ ఒక్కదానికీ వేరు గ్లాసు అక్కర్లేదు. వీటిలో చాలావాటికి డబ్బు, స్థలం, మగవాళ్ళ సహకారం కావాలి. గ్లాసుకి ఇవేవీ అక్కర్లేదు. అందుకే అది అంత సులువుగా వేరవుతుంది.

ఇక మనం చేయగల పని ఒకటుంది. మనలో చాలామంది ఈ కరపత్రాలు రాస్తున్నాం, అనువదిస్తున్నాం, తరగతుల్లో చదివిస్తున్నాం. 'ఉతకాలి' అని వచ్చిన ప్రతిచోటా కర్తని రాయండి. 'భర్త ఉతకాలి', 'కొడుకు నీళ్ళు కాచాలి', 'మామగారు కిటికీ తెరవాలి' అని రాసి పైకి చదవండి. ఆ వాక్యాలు చెవికి ఎంత కొత్తగా వినపడతాయో, మనింట్లో జబ్బు నివారణ అంతమేర ఇంకా మొదలు కాలేదని లెక్క.